వెళ్ళనిచ్చారట

"మాస్టారూ, ఈ 'లెట్' అనే మాటతో పెద్ద చిక్కే వచ్చిపడింది," అన్నాడు నాగమల్లేశు.

ఏలీషా మాస్టారు ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరయినవారు. శనివారం మధ్యాహ్నాలు తమ ఇంటి ముందుగదిలో, కోర్టు అనువాదకుల పరీక్షకి కూర్చోబోయేవాళ్ళకి ఉచితంగా పాఠం చెప్పేవారు. అప్పట్లో మేం ఏడుగురం వెళ్ళేవాళ్ళం. మాలో నాగమల్లేశు చురుకైనవాడు, కాస్త తొందరమనిషి. ఆ వారం 'లెట్' మీద నోటుబుక్కులో రెండు పేజీలు నింపుకొచ్చాడు. ఇంటి గోడకి వేలాడే 'టు లెట్' అంటే అద్దెకివ్వబడును. లెట్ ఇన్ అంటే లోపలికి రానివ్వడం, లెట్ డౌన్ అంటే నమ్మినవాణ్ణి నట్టేట ముంచడం, లెట్ ఆఫ్ అంటే శిక్ష లేకుండా విడిచిపెట్టడం. ఇంతవరకు బాగానే ఉంది. పేజీ అడుగున మాత్రం ఎర్ర సిరాతో గీత గీసుకున్నాడు. అదే మాటకి పాతకాలం నుంచి 'అడ్డు' అనే అర్థం కూడా ఉందట. పాస్‌పోర్టు మొదటి పేజీలో నేటికీ ఆ అర్థంలోనే వాడతారట.

"ఒకే మాట అనుమతీ అవుతుంది, అడ్డూ అవుతుంది. ఇదెలా కుదురుతుంది మాస్టారూ? పరీక్షలో వస్తే ఏది రాయమంటారు?" అని అడిగి, మళ్ళీ తనే నవ్వేశాడు. "అయినా ఇంత చిన్న మాటకి ఇంత గొడవెందుకు లెండి. ఏదో ఒకటి రాసేస్తే పోతుంది."

మేమూ నవ్వాం. మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. రెండేళ్ళలో ఆయనకి కోపం రావడం మేం చూసింది అదొక్కసారే. గొంతు పెంచలేదు గాని, మెడ మీద నరం లేచి కనిపించింది.

"పోతుంది," అన్నారు. "నేనూ ఒకసారి అలాగే ఏదో ఒకటి చెప్పేశాను. ఏం పోయిందో చెబుతాను, విను."

ఆ రోజు ఆయన చెప్పింది ఇది.

అప్పటికి మాస్టారికి ముప్ఫై ఆరేళ్ళు. సముద్రపు ఒడ్డుకి దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్నంలో, కాలేజీలో పనిచేస్తున్నారు. ఆ పట్నం దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు పొడుగునా రొయ్యల షెడ్లు ఉండేవి. చెరువుల్లో పట్టిన రొయ్యల్ని అక్కడికి తెచ్చి, తలలు తీసి, వొలిచి, ఐసులో పెట్టి పై దేశాలకి పంపేవారు. వొలిచేవాళ్ళంతా ఆడవాళ్ళే. చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లారకముందే ఆటోల్లో వచ్చేవారు.

అలా వచ్చేవాళ్ళలో ఓలేటి మరిడమ్మ, ఆమె తోటికోడలు మంగతాయి ఉన్నారు. ఇద్దరూ ఆరేళ్ళుగా ఒకే షెడ్డులో పని. మంగతాయికి ముప్ఫై నిండలేదు. మనిషి సన్నగా ఉన్నా చెయ్యి మహా వేగం; పక్కవాళ్ళు ఒక పళ్ళెం వొలిచేలోగా తను రెండు వొలిచేదట. మరిడమ్మ వయసులో పెద్దది. చల్లదనానికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఆ నెలలోనే ఆమెని బయటికి మార్చి లారీలకి పెట్టెలు ఎక్కించే పనిలో పెట్టారు.

షెడ్డులోంచి బయటికి రావాలంటే ఒక ఇరుకు నడవ దాటాలి. నడవకి ఒక పక్క ఐసు మిషన్ల గది. అందులో అమోనియా గ్యాసు గొట్టాలు. నడవకి రెండు తలుపులు. లోపలి తలుపు చల్లదనం పోకుండా దానంతటదే మూసుకునే రకం. నడవ వైపు దానికి పిడి లేదు. బయటి తలుపుకి పని వేళల్లో అవతలినుంచి గొలుసు వేసి తాళం పెట్టేవారు. తాళంచెవి గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకి మంగతాయికి ఏదో ఘాటు వాసన తగిలింది. కళ్ళు మండుతున్నాయి, కాసేపు బయటికి పోతానని సూపర్‌వైజర్‌ని అడిగింది. అతను మేనేజరుకి ఫోన్ చేసి, "సరే, పో," అన్నాడు. ఆమె చేతులు కడుక్కుని నడవలోకి వెళ్ళింది. లోపలి తలుపు ఆమె వెనక మూసుకుంది. బయటి తలుపుకి గొలుసు ఉంది. వాచ్‌మన్ అన్నానికి వెళ్ళాడు.

పావుగంటకి గొట్టం పగిలింది.

షెడ్డులో ఉన్న నలభైమంది ఐసు గడ్డలు లోపలికి జారవిడిచే కిటికీని బద్దలుకొట్టుకుని దూకేశారు. చేతులు కాళ్ళు గీసుకుపోయాయి గాని అందరూ బతికారు. పొమ్మని అనుమతి దొరికిన ఒక్క మనిషే ఆ నడవలో చిక్కుకుంది. మరిడమ్మ బయట లారీ దగ్గర ఉంది. తలుపు మీద దెబ్బలు విని పరుగెత్తుకొచ్చింది. గొలుసు పట్టుకుని గుంజింది. తాళంచెవి కోసం గేటు దాకా పరుగెత్తి, అన్నం దగ్గరున్న వాచ్‌మన్‌ని ఈడ్చుకొచ్చేసరికి లోపలినుంచి దెబ్బలు ఆగిపోయాయి.

దాని మీద విచారణ వేశారు. విచారణకి వచ్చిన అధికారిణి ఉత్తరాది అమ్మాయి, ఉద్యోగానికి కొత్త. తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఫ్యాక్టరీ మేనేజరుకి తెలుగు అసలే రాదు. రికార్డు ఇంగ్లీషులో నడవాలి. సాక్షులేమో పల్లెవాళ్ళు. అందుకని కాలేజీ నుంచి ఏలీషా మాస్టారిని దుబాసీగా పిలిపించారు. ఆయన ప్రమాణం చేసి కూర్చున్నారు.

మొదటి వాయిదా నాడు మేనేజరు చెప్పింది రెండే ముక్కలు. వాసన వస్తోందని ఆమె ఫిర్యాదు చేసింది. ఐ లెట్ హర్ గో.

మాస్టారు మరిడమ్మ వైపు తిరిగి, "వాసన వస్తోందంటే మంగతాయిని వెళ్ళనిచ్చాం అంటున్నారు. అది నిజమేనా అమ్మా?" అని అడిగారు.

"ఆ, పొమ్మన్నాడంట సూపర్‌వైజరు. పక్క బల్ల ఆళ్ళు ఇన్నారు," అంది మరిడమ్మ. "కానయితే బాబూ, ఆ తలుపు..."

తలుపు సంగతి వచ్చే వాయిదాకి తీసుకుంటాం, ఇవాళ అడిగిందానికి చెబితే చాలన్నాడు ఫ్యాక్టరీ వకీలు. అధికారిణి తల ఊపింది. మాస్టారు మరిడమ్మ జవాబుని ఇంగ్లీషులో పెట్టారు. యస్, షి వజ్ లెట్ గో. గుమాస్తా టైపు కొట్టాడు. కాగితం చదివి వినిపించారు. మరిడమ్మ వేలిముద్ర వేసింది. బయటికి వస్తుంటే ఆ గుమాస్తా, "మీ అనువాదం ఎక్కడా తడబడలేదండీ," అని మెచ్చుకున్నాడట. మాస్టారు ఆ మెప్పు జేబులో వేసుకుని ఇంటికి పోయి హాయిగా భోంచేశారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మావైపు చూడలేదు.

మూడు వారాలు గడిచాయి. కాలేజీలో పాఠం చెబుతుండగా మరిడమ్మ తలుపు దగ్గర కనిపించింది. లోపలికి రావచ్చా అని అడగలేదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరిచేతో చదివించుకున్న ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. అరవైమంది పిల్లలు చూస్తున్నారు.

"మంగతాయిని పన్లోంచి తీసేశారని నేనెప్పుడన్నాను మాస్టారూ?"

ఆ కాగితం ఫ్యాక్టరీ వాళ్ళు దాఖలు చేసిన వాదన. చనిపోయిన మనిషిని ఆ రోజు రెండు గంటలకే ఉద్యోగం నుంచి తొలగించాం, తొలగింపు కాగితం జతచేశాం. ఆ సంగతి ఆమె తోటికోడలే వేలిముద్రతో ఒప్పుకుంది. తొలగించాక కూడా ఆమె అనుమతి లేకుండా ఫ్యాక్టరీలో తచ్చాడింది. కాబట్టి ఆ చావుతో మాకు సంబంధం లేదు. ఇదీ దాని సారాంశం. ఇంగ్లీషులో మనిషిని 'లెట్ గో' చేశామంటే ఉద్యోగం తీసేశామని మర్యాదగా చెప్పడమే. ఆ సంగతి ఆయనకి తెలియంది కాదు. పిల్లలకి ఎన్నోసార్లు పాఠం చెప్పిన జాతీయమే. ఆ రోజు తట్టలేదు. తట్టనివ్వలేదు అన్నారు మాస్టారు.

"నేనలా అనలేదమ్మా," అన్నారాయన. "వెళ్ళనిచ్చారనే చెప్పాను. వాళ్ళు దాన్ని ఇటు తిప్పారు."

"ఎల్లనిస్తే ఎల్లిపోయేది కదా. ఇంటికొచ్చి అన్నం తినేది. ఎల్లిందా?"

ఆయన చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టారు.

"ఆ తలుపుకి గొలుసుంటాదని ఊరంతా ఎరుగు. నువ్వెరగవా?"

"విన్నాను."

"ఇనీ, ఎల్లనిచ్చారని నాకెలా సెప్పావు? ఎలా ఎల్లనిచ్చారు, తలుపు తీశారా అని ఒక్కమాట అడగలేదే."

"అడగడం నా పని కాదమ్మా. వాళ్ళు చెప్పింది నీకు, నువ్వు చెప్పింది వాళ్ళకి చెప్పడం వరకే నా పని."

మరిడమ్మ బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుంది.

"గొలుసేసినోడూ ఇదే మాటన్నాడు బాబూ," అంది. "తలుపెయ్యడం వరకే నా పనన్నాడు."

కాగితం మడిచి, రొమ్మున దోపుకుని వెళ్ళిపోయింది. ఆమె అరిచి తిట్టి ఉంటే తనకి తేలికగా ఉండేదని మాస్టారు అన్నారు. ఆ గంట పాఠం ముందుకి సాగలేదు. పిల్లల్ని పంపేసి ఖాళీ గదిలో కూర్చున్నారట. ముందు ఫ్యాక్టరీ వాళ్ళ మీద కోపం వచ్చింది. తర్వాత ఆ వకీలు మీద. తిరిగి తిరిగి అది తన నాలుక మీదికే వచ్చి ఆగింది. ఆ కోపం చల్లారకూడదని, రెండో వాయిదా దాకా ఎవరితోనూ ఆ సంగతి చెప్పుకోలేదట.

రెండో వాయిదా నాడు గది నిండా జనం. షెడ్డు ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి గోడల వెంట నిలబడ్డారు. మరిడమ్మ ముందు కుర్చీలో కూర్చుంది. దుబాసీ వైపు చూడలేదు. ఫ్యాక్టరీ వకీలు లేచి, తమ వాదన అంతా ఒక వాక్యంలో చెప్పి, అది సాక్షికి వినిపించమన్నాడు. ద డిసీజ్డ్ హాడ్ బీన్ లెట్ గో. చనిపోయినామెని అప్పటికే 'లెట్ గో' చేశారని.

మాస్టారు లేచి నిలబడ్డారు. నోరు తెరవలేదు. గుమాస్తా టైపు మిషన్ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"ఏమైంది? ఎందుకు ఆగారు?" అని అధికారిణి ఇంగ్లీషులో అడిగింది.

"మేడమ్, ఈ మాటని తెలుగులో చెప్పడానికి నాకు మూడు దారులున్నాయి," అన్నారు మాస్టారు. "పనిలోంచి తీసేశారని చెప్పొచ్చు. బయటికి పోనిచ్చారని చెప్పొచ్చు. వదిలేశారని చెప్పొచ్చు. పోయినసారి నేను తొందరపడి ఒకటి చెప్పాను, అది తప్పు. ఈసారి ఏది చెప్పాలో తేలాలంటే నాకు ఒక్క సంగతి తెలియాలి. ఆ రోజు రెండు గంటలకి బయటి తలుపు తీసి ఉందా?"

వకీలు వెంటనే లేచాడు. దుబాసీకి ప్రశ్నలడిగే హక్కు లేదన్నాడు. ఇతను సాక్షి తరఫున మాట్లాడుతున్నాడు, ఇతన్ని మార్చండన్నాడు.

"నేను ప్రశ్న అడగడం లేదండీ," అన్నారు మాస్టారు. "అనువాదం చేస్తానని ప్రమాణం చేశాను. అర్థం తెలియని మాటని అనువదించలేను. మీరే అర్థం చెప్పండి, చెప్పిన క్షణం ఆమెకి వినిపిస్తాను."

అధికారిణి పెన్ను కింద పెట్టింది. "నాకూ అర్థం కావాలి," అని మేనేజరు వైపు తిరిగింది. "తలుపు తీసి ఉందా?"

చూసి చెబుతానన్నాడు మేనేజరు. లెట్ మి చెక్. చూడనక్కర్లేదు, గుర్తున్నది చెప్పమంది ఆమె. వకీలు చొక్కా పట్టి లాగుతున్నా అతనికి విసుగు ఆగలేదు. అంతమంది ఆడవాళ్ళు గోడల వెంట నిలబడి తననే చూడటం అతనికి నచ్చినట్టు లేదు.

"గొలుసు ఉంటుంది, రోజూ ఉండేదే," అన్నాడు. "వెళ్ళనిస్తే వీళ్ళు పది నిమిషాలకోసారి బయటికి పోతారు. ఫ్యాక్టరీ నడిచేదెలా?"

మాస్టారు మరిడమ్మ వైపు తిరిగారు. ఆ మాటని ఒక్క అక్షరం పోనీకుండా తెలుగులో చెప్పారు. "తలుపుకి గొలుసు ఉందట. రోజూ ఉంటుందట. వెళ్ళనిస్తే మీరు పది నిమిషాలకోసారి బయటికి పోతారట. అందుకని వెళ్ళనివ్వరట." ఆ చివరి మాట మేనేజరు అనలేదని వకీలు అడ్డుపడ్డాడు. మాస్టారు ఆ చివరి మాట వెనక్కి తీసుకున్నారు. గోడల వెంట ఉన్నవాళ్ళు అప్పటికే విన్నారు.

మరిడమ్మ లేచింది. అధికారిణితోనే సూటిగా మాట్లాడింది.

"అమ్మా, ఇప్పుడు నా మాట రాసుకోండి. దాన్ని ఎల్లనివ్వలేదు. పన్లోంచి తియ్యనూ లేదు. నోటితో పొమ్మన్నారు, సేత్తో గొలుసేశారు. ఆ నడవలో దాన్ని వదిలేశారు. వదిలేశారని రాయండి."

మాస్టారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. దే లెఫ్ట్ హర్ దేర్. అధికారిణి రాసుకుంటూ తలెత్తి, ఇది లెట్ గో అన్నమాటేనా అని అడిగింది. కాదు మేడమ్, ఇందులో ఆ మాట లేదు అన్నారు మాస్టారు.

ఉత్తర్వు వచ్చింది. మంగతాయి పనిలో ఉండగానే, గొలుసు వేసిన తలుపు వెనక చనిపోయిందని అందులో రాశారు. తొలగింపు కాగితం ఆమె చనిపోయాక పుట్టించిందని కూడా రాశారు. ఆ రోడ్డు మీద ఉన్న షెడ్లన్నిటికీ గొలుసులు తీయించారు. లోపలినుంచి తోస్తే తెరుచుకునే తలుపులు పెట్టారు. మేనేజరు మీద కేసు నడిచి, పై కోర్టుకి వెళ్ళి, ఐదేళ్ళ తర్వాత జరిమానాతో తేలిపోయింది. అతను ఇంకో రాష్ట్రంలో ఇంకో ఫ్యాక్టరీలో చేరాడని విన్నారట. "దానికీ అదే మాట వాడతారు," అన్నారు మాస్టారు. "లెట్ ఆఫ్. నీ నోటుబుక్కులో ఉందిగా."

ఉత్తర్వు నకలు తీసుకుని ఆయనే మరిడమ్మ ఇంటికి వెళ్ళారు. గుమ్మంలోనే చదివి, ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పారు. ఆమె నిలబడే అంతా విన్నది. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు తాగుతావా అనలేదు. ఆ పల్లెలో గడప ముందుకి వచ్చిన మనిషిని అలా నిలబెట్టడం ఆయన అంతకుముందెప్పుడూ చూడలేదు.

చదవడం అయ్యాక కాగితం అందుకుంది.

"రెండోసారి బాగానే సెప్పావు బాబూ," అంది. "మొదటిసారి సెప్పింది కూడా నువ్వే."

తలుపు వేసుకుంది. ఆ తర్వాత వీధిలో ఎదురుపడినా ఆమె ఆయనతో మాట్లాడలేదు. చనిపోయేదాకా మాట్లాడలేదు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. నాగమల్లేశు తన రెండు పేజీల వంక చూస్తూ కూర్చున్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు గాని, ఈసారి అడిగిన తీరు వేరు.

"అయితే మాస్టారూ, పరీక్షలో ఆ మాట వస్తే ఏం రాయమంటారు?"

"పరీక్షలో ఏం రాసినా ఫరవాలేదు," అన్నారు మాస్టారు. "అక్కడ తలుపు అవతల ఎవరూ ఉండరు."